ఖాళీ సీట్ల అందం

చిన్నామె గుడ్డ పిండి తరువాతి సీటు అందుకుంది. ముందు దాని వీపు, ఆ తరువాత కూర్చునే చోటు, ఆపైన రెండు చేతులు, చివరకు నడుం వంచి కింద ఎండిపోయిన కూల్‌డ్రింకు మరక. నిన్న ఆట చూసినవాళ్ళు గెలిచిన సంబరంలో తాగినంత తాగి మిగిలింది మెట్ల మీద కుమ్మరించి వెళ్ళారు. ఓడితే కోపంతో కుమ్మరిస్తారు. గెలుపోటములు ఎవరివైనా మరకలు మాత్రం ఈమెవే.

అదే వరుస అవతలి కొసన పెద్దామె తుడుస్తోంది. ఇద్దరూ తోడికోడళ్ళు. స్టేడియంలో వాళ్ళను పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒకరు పెద్దామె, ఒకరు చిన్నామె, అంతే. చెరో కొస నుంచి మొదలుపెట్టి వరుస మధ్యలో కలుసుకోవడం వాళ్ళ పద్ధతి. కొంతకాలంగా ఆ మధ్య అనేది పెద్దామె వైపుకు జరిగిపోతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు.

పెద్దామెకు ఆయాసం. పొద్దున బయలుదేరేటప్పుడే ఎడమ భుజం లాగుతోందని అన్నది. ఈ ఒక్కపూట పడుకోమని చిన్నామె బతిమాలింది. పెద్దామె వినే రకమా! ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి. పైగా మొన్నామధ్య సూపర్‌వైజరు అందరినీ నిలబెట్టి, ఈల వినగానే దిగి కూర్చోలేనివాళ్ళూ, మళ్ళీ చప్పున లేవలేనివాళ్ళూ ఇక ఇంటిపట్టునే ఉండవచ్చని చెప్పాడు. చెబుతున్నంతసేపూ పెద్దామె మోకాళ్ళనే చూశాడు. పని పోతే మరిది ఇంట్లో ఊరికే కూర్చుని తినాలి. ఆ ఊహకే ఆమెకు ఆయాసం రెండింతలయ్యేది.

ఈ దిగి కూర్చోవడం సంగతి చెప్పాలి. ఆట లేని రోజుల్లో స్టేడియం చూడడానికి జనం గుంపులుగా వస్తారు. నగరానికి వచ్చినవాళ్ళు తప్పక చూడవలసిన చోటని గేటు పైన మనిషంత అక్షరాలతో రాసి ఉంటుంది. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది, గెలిచిన కప్పులు పెట్టిన అద్దాల బీరువా, ఆఖరున పచ్చిక అంచున నిలబడి, వెనక నీలం సీట్లన్నీ పడేలా ఒక ఫోటో. ఆ నీలంలో అక్కడక్కడ మనుషులు, బకెట్లు కనబడితే ఫోటో పాడైపోతుందట. అందుకని గుంపు మైదానంలోకి రాబోతుండగా సూపర్‌వైజరు ఈల ఊదుతాడు. తుడిచేవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ వరుసల మధ్య కూలబడి తల దించుకోవాలి. మళ్ళీ ఈల వచ్చేదాకా కదలకూడదు. బయటికి పొమ్మంటే పని ఆగిపోతుంది, నిలబడనిస్తే అందం చెడిపోతుంది. మనిషిని సీటు వెనక అణిచిపెడితే రెండూ దక్కుతాయి. ఇంత తెలివైన ఏర్పాటు కనిపెట్టిన బుర్రకు ఎవరో శాలువా కూడా కప్పే ఉంటారు.

పొద్దున చిన్నామె సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, ఈ రోజుకు తమ ఇద్దరికీ నీడ పక్క స్టాండు ఇప్పించమని అడిగింది. అక్కడ మెత్తటి సీట్లు, పైన కప్పు. ఎండ అందరికీ ఒక్కటేనని అతను గొడుగు కింద కూర్చుని చెప్పాడు. చిన్నామెకు ఒళ్ళు మండింది. మండిన ఒళ్ళుతోనే రెండు బకెట్లూ తనే మోసుకుంటూ మెట్లెక్కింది.

మొదటి ఈల మోగింది. చిన్నామె కూలబడి, సీట్ల కాళ్ళ సందుల్లోంచి అవతలి కొసకు చూసింది. పెద్దామె ఒక చేత్తో సీటు పట్టుకుని ముందు ఒక మోకాలు, కాసేపటికి రెండోది, నెత్తి మీది బరువు దించుకుంటున్నట్టు దిగింది. కింద గైడు పిల్ల మైకులో చెబుతోంది, ఇక్కడ ఏ సీటులో కూర్చున్నా మైదానం మొత్తం కనబడుతుందని. అబద్ధమేమీ కాదు. సీటు కింద కూర్చున్నవాళ్ళకు మాత్రం ముందు సీటు అడుగున ఎవరో అంటించిపోయిన బబుల్‌గమ్ కనబడుతుంది. ఇన్నేళ్ళలో ఈ ఇద్దరూ ఇక్కడ ఒక్క ఆటైనా చూడలేదు. ఆట మొదలయ్యేలోగా గేటు బయట ఉండాలి, అయిపోయాక లోపలికి రావాలి.

అసలు ఈ మెట్లకు కంకర మోసినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. అప్పట్లో పెద్దామె తట్ట నెత్తిన పెట్టుకుంటే ముందు నడిచేవాడు పక్కకు తప్పుకోవలసిందే. కొత్త కోడలు చిన్నామె వెనకబడితే, "నీ నడకకు కాంక్రీటు తట్టలోనే గట్టిపడుతుందే" అని ఏడిపించేది. ఆ తరువాత అన్నదమ్ములు వేరుపడ్డారు. వంటగుండిగ ఎవరిదన్న దగ్గర తోడికోడళ్ళకు మాటలు పోయాయి. పంతం కొద్దీ పెద్దామే దాన్ని పట్టుకుపోయింది. మొగుడూ పెళ్ళాలకు అంత గుండిగలో ఏం వండుకుందో ఆమెకే తెలియాలి. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఉప్పూ నిప్పూగా ఉన్నారు. ఒకే చోట పనికి కుదిరినా ఎడమొహం పెడమొహమే.

ఆ పంతం ఇక్కడే తెగింది. ఒకనాడు ఈల మోగేసరికి ఇద్దరూ ఒకే వరుసలో చిక్కుకున్నారు. లేచి పోవడానికి లేదు, అటు తిరిగి కూర్చోవడానికి చోటు లేదు. చాలాసేపు బిగుసుకుని కూర్చున్న పెద్దామె చివరకు నేల చూస్తూ, "ఆ గుండిగ చిల్లు పడిందిలే" అన్నది. చిన్నామెకు నవ్వు ఆగక గుడ్డ నోట్లో కుక్కుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే వరుస అడిగి తీసుకున్నారు. బావగారు పోయినప్పుడు చిన్నామె మూట సర్దించి అక్కను తన ఇంటికి తెచ్చుకుంది. మనుషుల్ని కనబడకుండా చేసే ఆ దిక్కుమాలిన ఈల వాళ్ళకు చేసిన మేలు అదొక్కటే.

ఎండ నడినెత్తికి వచ్చింది. గుంపులు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. చిన్నామె గబగబా తుడుస్తూ, పెద్దామెకు ఇంకో నాలుగు సీట్లు తగ్గించే ప్రయత్నంలో ఉండగా మళ్ళీ ఈల మోగింది. ఈ గుంపు పెద్దది. వాళ్ళ ఫోటోలు ఒక పట్టాన తెమలలేదు. కాంక్రీటు అరికాళ్ళను కాల్చేస్తోంది. చిన్నామె సందుల్లోంచి చూస్తే పెద్దామె మోకాళ్ళ మీద తల ఆనించి, బుద్ధిగా కదలకుండా ఉంది. కునుకు పట్టినట్టుందిలే, పోనీ అనుకుంది.

లేవమని ఈల వచ్చింది. అన్ని వరుసల్లోనూ తలలు లేచాయి. పెద్దామె తల లేవలేదు.

చిన్నామె వెళ్ళి భుజం తట్టింది. భుజం ఎండకు కాలుతోంది. తల మాత్రం తట్టిన వైపుకు ఒరిగిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, మళ్ళీ పెట్టి చూసింది. చెప్పినట్టు విన్నందుకు ఎవరూ పట్టించుకోలేదు. కదిలి ఉంటే కేకలు వేసేవాళ్ళు, కేకలు వేసినా ఎవరో ఒకరు చూసేవాళ్ళు.

ఆమె అరుపుకు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. చూసి, తెల్లబోయి, ఎవరికో ఫోన్ చేశాడు. అంతలో కింద తరువాతి గుంపు మాటలు వినబడ్డాయి. అతను అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఈ ఒక్క బ్యాచ్ పోనీ. పోగానే కిందికి మోయిద్దాం. ఎలాగూ ఇప్పుడు..." అంటూ మాట మింగి, చిన్నామెను తల దించుకొమ్మని చేత్తో సైగ చేసి కిందికి దిగాడు.

చిన్నామె పక్కనున్న సీటు కిందికి వంచి కూర్చుంది. జీవితంలో మొదటిసారి అక్కడి సీటులో కూర్చుంది. అక్క తల తన మోకాలికి ఆనించుకుని నిటారుగా కూర్చుంది. మైదానం నిజంగానే మొత్తం కనబడింది, పచ్చగా, దేనితోనూ సంబంధం లేనట్టు. ఈల మోగింది. తక్కిన వరుసల్లో అందరూ అణిగిపోయారు. వాళ్ళను చిన్నామె తప్పు పట్టలేదు, అందరి ఇళ్ళలోనూ పొయ్యిలున్నాయి. గైడు పిల్ల మాట సగంలో ఆగింది. గుంపులో టోపీ పెట్టుకున్న ఒకావిడ, ఈమె కూడా చూడడానికి వచ్చిన మనిషనుకుని, నవ్వుతూ చెయ్యి ఊపింది.

సూపర్‌వైజరు పచ్చిక అంచున నిలబడి ఈల మీద ఈల ఊదాడు. చిన్నామె గొంతు ఆ స్టేడియంలో ఎవరి మీదా ఎన్నడూ లేచింది కాదు. ఇప్పుడు లేచింది.

"ఊదు. ఇంకా గట్టిగా ఊదు. మా అక్క లేస్తుందేమో చూద్దాం."

ఖాళీ స్టేడియం ఆ మాటను చుట్టూ తిప్పి మళ్ళీ అందరికీ వినిపించింది. టోపీ ఆవిడ చెయ్యి దిగిపోయింది. ఈల ఆగిపోయింది.

ఆటగాళ్ళను మోసే స్ట్రెచరు గది తాళం ఎవరి దగ్గర ఉందో తేలలేదు. చెత్త తోసే బండి తెచ్చారు. చిన్నామె దాన్ని కాలితో వెనక్కి నెట్టింది. అప్పుడు లేచారు తక్కిన ఆడవాళ్ళు. నలుగురూ నాలుగు వైపులా పట్టి పెద్దామెను మెట్ల మీదుగా కిందికి దించారు. చిన్నామె మళ్ళీ పైకి రాలేదు, ఆ రోజూ, ఆ తరువాతా.

సాయంత్రం మిగిలిన సీట్లు తుడవడానికి ఇంకెవరినో పంపారు. పైకెక్కిన రోజు పెద్దామె నీళ్ళు ముట్టేది కాదు. తాగితే దిగవలసి వస్తుంది, స్టేడియం చూడడానికి వచ్చినవాళ్ళకే స్టాండులోని మరుగుదొడ్లు. తుడిచిన సీట్లకూ తుడవని సీట్లకూ నడుమ, ఒక సీటు మీద ఆమె సీసా నిలబడి ఉంది, మూత తీయకుండా, నిండా నీళ్ళతో.