కిడ్నీని కట్టేసిన దారం

నేను ఒక కుట్టుదారాన్ని, ఆపరేషన్లలో వాడే రకాన్ని. ఏళ్లుగా నాకొక సందేహం. కనిపించని దేవుడికి రెండు పూటలా దీపం పెట్టే మనుషులు, కంటికి కనిపించని పక్కవాళ్ళ నొప్పిని మాత్రం ఎందుకు నమ్మరు?

ఫ్యాక్టరీలో నాకు నీలిరంగు వేసి, సూది తగిలించి, కవరులో మూసేశారు. కాకినాడలో ఒక ఆసుపత్రి బీరువాలో చాలాకాలం ఊరికే పడున్నాను. చివరికి హైమావతి కోసం నన్ను బయటికి తీశారు.

ఆమె కథ తర్వాత ఇంట్లోవాళ్ళ మాటల్లో విన్నాను. పొయ్యి దగ్గర నిలబడితే నడుము పక్కన పోటు. పడుకుంటే మాయం.

"పడుకుంటే తగ్గే నొప్పి నాకూ ఉందే అమ్మాయ్, పనున్నప్పుడల్లా వస్తుంది" అనేది అత్తగారు రాఘవమ్మ. ఒక సాయంత్రం దేవుడి గూటివైపు చెయ్యి చూపించి, "నీకు నిజంగా రోగమే ఉంటే, ఆ దీపం సాక్షి, నేనే నిలబడి నీకు పెసరట్టు పోసిపెడతా" అంది కూడా.

డాక్టర్లదీ అత్తగారి పక్షమే. ప్రతిచోటా బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీసేవారు. నిలబడితే కిందికి జారే ఆమె కిడ్నీ, పడుకోగానే, బడి ఇన్‌స్పెక్టరును చూసిన పిల్లాడిలా, బుద్ధిగా తన చోటికి వెళ్ళిపోయేది. "అంతా బాగానే ఉందమ్మా, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" అని నిద్రమాత్రలు రాసేవారు. చివరికి నళిని అనే డాక్టరమ్మ, "నిలబడితేనే నొప్పి అంటున్నారుగా, నిలబెట్టే తీద్దాం" అంది. కిడ్నీ కిందికి జారుతూ దొరికిపోయింది.

పొట్టకు మూడు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నటి పనిముట్లు పంపారు. తెర మీద చూసుకుంటూ డాక్టరమ్మ ఆ దేశదిమ్మరిని నాతో వీపు కండకు కట్టి ముడివేసింది. అప్పటినుంచి నా కాపురం హైమావతి లోపలే. పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడ్డా ఆమెకు ఆ పోటు మళ్ళీ రాలేదు.

చూడవచ్చిన వాళ్ళందరికీ రాఘవమ్మ ఒకటే చెప్పేది: "దీనికేదో ఉందని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా." పెసరట్టు ఊసు ఎవరూ ఎత్తలేదు. దీపం వెలిగించే వేళ మాత్రం పెద్దావిడ కోడలి ముఖం చూసేది కాదు.

నాలుగేళ్ల తర్వాత రాఘవమ్మకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. కొడుకు నవ్వేశాడు. హైమావతి ఏమీ అడగకుండా ఉప్పు మూటతో కాపడం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పెద్దావిడ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"జరుగు."

"మీ మోకాళ్ళతో ఎందుకత్తయ్యా?"

"దీపానికి మాటిచ్చాను. నీక్కాదులే."

అట్టు ఒకవైపు మాడింది. పళ్ళెంలో వేసి, "కూర్చుని తిను" అంది రాఘవమ్మ.

"నిలబడే తింటానత్తయ్యా."