ఆవిడ అన్న ‘మేము’

ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు నోట్లో పోసుకుని, తల వెనక్కి వంచి, గొంతులో గరగరలాడించి తూములోకి ఉమ్మేసింది మాటలమ్మ. మళ్ళీ ఇంకో పుక్కిలి. మీటింగు ఉన్న రోజున ఇది తప్పదు. గొంతు లేవకపోతే వెనక వరసవాళ్ళకు ఒక్క ముక్క వినపడదు, ముందు వరసవాళ్ళు విన్నది వెనక్కి చెప్పబోయి తలో మాటా కలుపుతారు, సాయంత్రానికల్లా ఎవరో ఏదో ఇస్తామన్నారని వాడంతా పుకారు. ఎందుకొచ్చిన గొడవ అని ఆమె గొంతును కన్నబిడ్డలా చూసుకుంటుంది. చూసుకోవడానికి వేరే బిడ్డలు లేరు కూడా.

“ఎవరి మాటలకో నీ గొంతు అరగదీసుకోవడం ఇవాళ్టితో సరి,” అంది లోపల మిషను కుడుతున్న అక్క, కాలు ఆపకుండానే. “రేపట్నుంచి ఏం చేస్తావ్?”

“సంఘంవాళ్ళు ఉండమంటే ఉంటా.”

“ఉండమంటారా?”

“ఏమో.”

“ఏమో ఏంటే! వాడలో అందరి తరఫునా అడుగుతావ్, నీ తరఫున నువ్వు అడగలేవా?”

“అడిగి చేరితే ఏం బావుంటుందక్కా? వాళ్ళంతట వాళ్ళు పిలవాలి.”

అక్క మూతి విరిచి, పంటితో దారం తెంపింది. చెల్లెలికి ఏం కావాలో అక్కకు తెలుసు. వాడ ఆడవాళ్ళ నీళ్ళ సంఘంలో ఉద్యోగం కాదు. ఆ రేకుల షెడ్డులో, ఆ ఆడవాళ్ళ మధ్య, చాప మీద ఇంత చోటు. ఇన్నేళ్ళుగా వాళ్ళ మధ్యే ఉండి కూడా మాటలమ్మ అక్కడ తన సొంత మాట ఒక్కటీ అని ఎరగదు.

బక్కపలచని మనిషి. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. ఎవరు మాట్లాడుతున్నా ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదులుతూ ఉంటాయి. బస్సులో ఎవరైనా పోట్లాడుకుంటున్నా అంతే, లోపల్లోపల అవతలి భాషలోకి మార్చేస్తుంది. తనకేసి చూస్తూ ఏదో గొణుగుతోందని కండక్టరు ఒకసారి కేకలేశాడు కూడా. ఆమె తల్లి దూరదేశపువాళ్ళు దిగే విడిదిలో గదులు ఊడ్చేది. అక్కడి పిల్లలతో ఆడుకుంటూ మాటలమ్మ వాళ్ళ భాషను ఎవరూ నేర్పకుండానే పట్టేసింది. పెద్దయ్యాక అదే భుక్తి అయింది. నీళ్ళకోసం సాయం చేస్తామని ఒక సంస్థ ఆ దేశం నుంచి వచ్చినప్పుడు, వాళ్ళకూ వాడవాళ్ళకూ మధ్య కూర్చోవడానికి ఈమెను పెట్టుకున్నారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉండిపోయింది.

గుమ్మం ముందు జీపు ఆగింది. వెనక సీట్లో పొడుగమ్మ కూర్చుని ఉంది. సంస్థ తరఫున వచ్చినవాళ్ళలో ఆఖరి మనిషి. గుమ్మాలన్నిటికీ నుదురు కొట్టుకుంటుందని వాడలో ఆడవాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు అది. ఇవాళ మీటింగు అయ్యాక నేరుగా విమానాశ్రయానికి వెళ్తుంది. దారిలో ఆవిడ మాటలమ్మ చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే నేను ఇక్కడ మూగదాన్ని అంది. ఉత్తరాలు రాస్తానంది. మాటలమ్మకు కళ్ళు చెమర్చాయి. ఎదుటి మనిషి మనసులో మాట ఆవిడ నోటికి రాకముందే తనకు తెలిసిపోయేంత దగ్గరితనం ఇంకెవరితోనూ ఏర్పడలేదు. అక్కతో కూడా లేదు.

మొదట్లో ఆ సంస్థవాళ్ళ నోట ‘సహాయం’ అన్న మాట ఉండేది. కొన్నాళ్ళకు అది మొరటుగా తోచిందో ఏమో, ‘భాగస్వామ్యం’ అయింది. తర్వాత ‘సాధికారత’. పై ఆఫీసులో ఎవరికో కొత్త మాట తట్టినప్పుడల్లా మాటలమ్మకు తలప్రాణం తోకకొచ్చేది. ఆడవాళ్ళు అంతా ఓపిగ్గా విని, “ఇంతకీ పంపు వస్తుందా, రాదా?” అని అడిగేవారు. ఇప్పటి మాట ‘స్థానిక నాయకత్వం’. ఇది మాత్రం ఉత్త మాట కాదు. సంస్థ బల్లలూ బీరువాలూ సర్దేసింది. ట్యాంకూ, పంపులూ, తాళాలూ, ఎవరికి ఎన్ని నీళ్ళు వదలాలన్న తీర్మానమూ అన్నీ ఇక సంఘానివే. అలా జరగడమే మంచిదని మాటలమ్మకు తెలుసు. తెలిసినంత మాత్రాన దిగులు ఆగదు కదా.

జీపు మలుపు తిరగ్గానే ట్యాంకు కనిపించింది. ఆ ట్యాంకు వెనక ఆమె నోరుజారిన కథ ఒకటి ఉంది. సంస్థవాళ్ళ భాషలో మేమన్నా, మనమన్నా ఒకటే మాట. మొదటి మీటింగులో సంస్థ తరఫున అప్పుడున్న పెద్దమనిషి లేచి, ట్యాంకు కడతామన్నాడు. ఆ కట్టేవాళ్ళలో వాడ ఆడవాళ్ళు లేరు. ‘మేము కడతాం’ అనాలి. కంగారులో, అప్పటికింకా చిన్నపిల్లయిన మాటలమ్మ నోటి నుంచి ‘మనం కడదాం’ అని వచ్చేసింది. మర్నాడు తెల్లవారేసరికి తట్టలూ పారలూ పట్టుకుని ఆడవాళ్ళంతా అక్కడ నిలబడి ఉన్నారు. ఆ పెద్దమనిషి తబ్బిబ్బైపోయి, ఇలాంటి జనాన్ని ఎక్కడా చూడలేదని పై ఆఫీసుకు రాసుకున్నాడు. మాటలమ్మ నాలుక కరుచుకుంది గానీ దిద్దలేదు. ఆ తర్వాత ఎవరు ‘మేము’ అని తలచుకున్నా ఆమె నోట ‘మనం’ అనే వచ్చేది. అలవాటైపోయింది. ఆ మాట అన్నప్పుడల్లా తనూ అందులో ఉన్నట్టుండేది.

ట్యాంకు కట్టేరోజుల్లోనే ఇంకొకటి జరిగింది. పైపులు బిగించే మేస్త్రి ఒకడు, మంచి మనిషి, నవ్వితే బుగ్గ సొట్టపడేది. పనంతా అయ్యాక ఒకరోజు పెద్దమనిషి ఎదుటికి వచ్చి, ఈమె వైపు చూడకుండా, “ఈ అమ్మాయికి పెళ్ళయిందేమో కనుక్కోండి సార్,” అన్నాడు. మాటలమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పని పనే కదా, మాట పొల్లుపోకుండా అవతలి భాషలో అప్పజెప్పింది. పెద్దమనిషి నవ్వి, ఆమెనే అడగమన్నాడు. “ఆమెనే అడగమంటున్నారు,” అని మేస్త్రితో చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. మేస్త్రి సిగ్గుపడి వెళ్ళిపోయాడు. అడుగుతాడని ఆమె చాలాకాలం ఎదురుచూసింది. ఇప్పటికీ పైపు బిగిస్తున్న మనిషి ఎక్కడ కనపడినా నడక నెమ్మదిస్తుంది.

షెడ్డు నిండా ఆడవాళ్ళు. సంఘం అధ్యక్షురాలు ఎదురొచ్చింది. ఒకప్పుడు ఇటుకబట్టీలో తట్టలు మోసిన మనిషి, ఇప్పటికీ అవతలి కొండకు వినపడేలా మాట్లాడుతుంది.

“రండి మాటలమ్మా, మీకోసమే చూస్తున్నాం. మీతో ఒక విషయం మాట్లాడాలి. ముందు ఆవిడ మాట కానివ్వండి.”

ఆ ఒక్క మాటతో మాటలమ్మ గుండె చిన్నపిల్లలా గంతేసింది. పిలవబోతున్నారు. అక్కకు ఇంటికెళ్ళి ఎలా చెప్పాలో కూడా అనేసుకుంది.

పొడుగమ్మ లేచి నిలబడింది. నీళ్ళ సంగతి మీకే తెలుసునంది, మేము మీ దగ్గర నేర్చుకున్నదే ఎక్కువంది. ఇకమీదట నడిపించేది మీరేనంది. ఆవిడ ఆగినచోటల్లా మాటలమ్మ అందుకుంది. ఆ తర్వాత పొడుగమ్మ గొంతు సవరించుకుని ఒక చిన్న వాక్యం అంది.

మాటలమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. ‘మనం వెళ్ళిపోతున్నాం’ అంటే అర్థం లేదు. ‘ఆవిడ వెళ్ళిపోతున్నారు’ అనకూడదు. మాట్లాడేవాళ్ళ మాట మాట్లాడేవాళ్ళలాగే చెప్పాలి, ఆ పనికున్న ధర్మం అది.

“మేము వెళ్ళిపోతున్నాం,” అంది.

అందరి కళ్ళూ పొడుగమ్మ మీద లేవు. మాటలమ్మ మీదే ఉన్నాయి. ఆ నోట వాళ్ళు ఆ మాట ఎన్నడూ వినలేదు.

“అయితే మీరూ వెళ్ళిపోతున్నారన్నమాట,” అంది అధ్యక్షురాలు. ఆమె గొంతు మొదటిసారి చిన్నబోయింది.

ఏమంటోంది అన్నట్టు పొడుగమ్మ ఇటు తిరిగింది. మాటలమ్మ పెదవులు వాటంతట అవే కదిలాయి, ఆ మాటను అలాగే అవతలి భాషలో పెట్టాయి. అక్కడ ‘మీరు’ అంటే ఎవరైనా కావచ్చు. అవునంటూ పొడుగమ్మ తలూపి, వెళ్ళక తప్పదనీ, మిమ్మల్ని మరిచిపోలేమనీ అంది.

“వెళ్ళక తప్పదు. మిమ్మల్ని మరిచిపోలేం,” అంది మాటలమ్మ, ఇటు తిరిగి. అంటూనే తననూ వెళ్ళేవాళ్ళలో కలిపేసుకున్నారని తెలిసిపోయింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. అధ్యక్షురాలు పొడుగమ్మను కావలించుకుంది, తర్వాత మాటలమ్మను కావలించుకుంది. “సుఖంగా వెళ్ళి రండి. ఇక్కడ మేం చూసుకుంటాం, మీరేం దిగులు పెట్టుకోకండి,” అంది. ఆ ‘మేం’ మాటలమ్మకు చురుక్కున తగిలింది. చెప్పాలనుకున్న విషయం అధ్యక్షురాలు మరి ఎత్తలేదు. ఎవరెవరో చేతులు పట్టుకున్నారు, ఎవరో ఏడ్చారు. కక్కలేక మింగలేక మాటలమ్మ జీపులో కూర్చుంది.

జీపు కదిలింది. పొడుగమ్మ ముక్కు చీదుకుంటూ, అంతా బాగా జరిగింది కదా అంది. మాటలమ్మ ఊకొట్టింది. ఇంకాసేపట్లో జీపు ఆమెను ఇంటి దగ్గర దింపేసి వెళ్ళిపోతుంది. అక్క మిషను ఆపకుండానే ‘ఏమన్నారే?’ అంటుంది. ఏమీ అనలేదని చెప్పాలి. రేపు పొద్దున గొంతు పుక్కిలించాల్సిన పనుండదు. ఎవరి మాటలూ లేకుండా ఆ గొంతును ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు. భయం వేసింది.

“ఆపు బాబూ,” అంది డ్రైవరుతో.

పొడుగమ్మ కంగారుగా చూసింది. మాటలమ్మ ఆవిడ భాషలోనే, నేను ఇక్కడ దిగిపోతాను అంది. అన్నాక గాని తెలియలేదు, ఆ భాషలో ‘నేను’ అని తన గురించి ఆమె అన్నది చాలా తక్కువసార్లని. ఎందుకని పొడుగమ్మ అడగలేదు. కాసేపు మొహంలోకి చూసి, పొడుగాటి చేతులతో దగ్గరకు తీసుకుని, వదిలింది. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్ళింది. అది కనపడినంతసేపూ మాటలమ్మ రోడ్డు మీదే నిలబడింది. ఆవిడ ఇక రాదు. ఉత్తరాలు రాయదని కూడా తెలుసు, అంతకు ముందున్నవాళ్ళూ అలాగే అన్నారు. అయినా ఆవిడంటే ప్రాణం లాగింది.

వెనక్కి నడిచి షెడ్డు దగ్గరకు వచ్చేసరికి లోపల గోలగోలగా ఉంది. మాటలమ్మ గుమ్మం పక్కన ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఈ ఆడవాళ్ళు ఒక్కొక్కరే, ఒక్కొక్క ముక్కే, ఆమె అందుకోవడానికి ఆగి ఆగి మాట్లాడేవారు. ఇప్పుడు ఒకరి మాట మీద ఇంకొకరు పడిపోతున్నారు, దెప్పుకుంటున్నారు, సగం మాటకే పకపకా నవ్వుతున్నారు. వీళ్ళు ఇంత బాగా మాట్లాడతారని ఆమెకు తెలియదు. ఆగమన్నది తనే కదా అనుకుంటే మనసు చివుక్కుమంది.

అధ్యక్షురాలు చూసింది. “అయ్యో, ఏమైనా మర్చిపోయారా?”

మాటలమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “ఆ మేములో నేను లేనండీ.”

“ఏ మేములో?”

“వెళ్ళిపోతున్నాం అన్నానే, ఆ మేములో. అది ఆవిడ మేము. నేను ఎక్కడికీ పోవట్లేదు.”

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక ముసలామె నవ్వు ఆపుకోలేక పక్కామె భుజం మీద వాలిపోయింది.

“మరి ఆ ముక్క అప్పుడే ఏడవచ్చు కదా!” అంది అధ్యక్షురాలు. “నిన్ను ఉండమని అడుగుదామని పొద్దుట్నుంచీ కాచుకుని కూర్చున్నా. నువ్వు వెళ్తున్నానంటే కాళ్ళూ చేతులూ ఆడలేదు.”

“నా మాట అనడానికి సందు దొరకలేదు.”

“ఇప్పుడు దొరికిందిగా. రా, కూర్చో.”

మీరు కాస్తా నువ్వు అయిపోయింది, అది అన్నామె గమనించలేదు. ఇద్దరు జరిగారు. చాప మీద ఇంత చోటు అయింది. మాటలమ్మ మోకాళ్ళు ముడుచుకుని అందులో ఇరుక్కుని కూర్చుంది.

కొండకవతలి పేటలో నీళ్ళు ఉప్పుబారాయట. ఏ సంస్థనూ కాదు, ఈ సంఘాన్నే సాయం అడిగారు. దాని మీదే ఇంతసేపూ గోల. కొందరు పంపు ఇద్దామంటున్నారు, కొందరు ముందు మనుషుల్ని పంపుదామంటున్నారు.

“వాళ్ళకు మనం ఏం చేద్దాం?” అని అధ్యక్షురాలు ఇటు తిరిగింది. “నువ్వు చెప్పు, మాటలమ్మా.”

మాటలమ్మ తలూపి, ఎడమవైపు తిరిగి, ఆ ప్రశ్నను మాట పొల్లుపోకుండా అవతలి భాషలో, పొడుగమ్మ ఖాళీ చేసి వెళ్ళిన కుర్చీకి చెప్పింది.

షెడ్డంతా గొల్లున నవ్వింది. మాటలమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుని తనూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే వెక్కింది. పక్కామె వీపు నిమిరింది. కాసేపటికి నవ్వులు సద్దుమణిగాయి. అందరూ ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు.

కుర్చీలో, నడుంనొప్పి మనిషి కదా అని ఎవరో కుట్టి తెచ్చి వేసిన దూదిమెత్త మీద, పొడుగమ్మ కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.