నగరిలో చెవుల పరీక్ష

మునిలక్ష్మికి నోరెక్కువ. తిరుపతి ఆసుపత్రిలో ఆమె వార్డులోకి వస్తోందంటే రోగులు ముందే మాత్రలు మింగేసేవాళ్ళు. అలాంటి నర్సు పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో సెలవు పెట్టి, డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ల జట్టుకు సాయంగా నగరికి బయల్దేరింది. ఆ రోజులన్నీ వార్డు పండగ చేసుకునే ఉంటుంది.

జట్టువాళ్ళూ సొంత సెలవుల్లోనే వచ్చారు. పరాయి దేశాల్లో ఫ్యాక్టరీ కూలీలను పట్టించుకునే దిక్కెక్కడ లేదో కనుక్కుని, అక్కడికి మందులు మోసుకుపోవడం వాళ్ళకు అలవాటు. ఈసారి నగరి మరమగ్గాల షెడ్లు వాళ్ళ కంటపడ్డాయి. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి సత్రం ఖాళీగా ఉంది. అందులో దగ్గుకో గది, కళ్ళకో గది, చెవులకో గది అనుకున్నారు. తీరా చూస్తే చెవుల యంత్రం మద్రాసు రేవులో చిక్కుకుపోయింది. అందుకని డాక్టర్ నీల్స్ పాత పద్ధతి చెప్పాడు. మనిషిని కూర్చోబెట్టి, వెనక నిలబడి, గుసగుసగా అంకెలు పలకాలి. వినబడితే తిరిగి చెబుతారు. తెలుగు అంకెలు కాబట్టి ఆ పని మునిలక్ష్మికి అప్పగించి ఆయన కళ్ళ గదిలోకి వెళ్ళిపోయాడు.

వెనక నిలబడమన్నాడు సరే, నగరి మనుషులు నిలబడనిస్తేనా? తిరుపతి నుంచి వచ్చిన నర్సమ్మకు వీపు చూపించి కూర్చోవడం వాళ్ళకు మహా తప్పు. ఆమె వెనక్కి వెళితే వాళ్ళూ అటు తిరిగి కూర్చుంటారు. కుప్పయ్య అనే పెద్దాయనైతే ఏకంగా కుర్చీ దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీకు దండం పెడతా, కూసోబ్బా!" అని విసుక్కుని మునిలక్ష్మి ముందుకే వచ్చేసింది. చెవులు ఎటూ పక్కలకే ఉంటాయి, ఎటు నుంచి చెబితే ఏమిలే అనుకుంది.

అందరూ పాసయ్యారు. అంత మగ్గాల మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు ఇంత చక్కటి చెవులా అని నీల్స్ తెగ ఆశ్చర్యపోయాడు. మా చిత్తూరు జిల్లా ఒళ్ళే అంత, అని మునిలక్ష్మి మురిసిపోయింది.

ఒక పొద్దున మగ్గాల్లో పనిచేసే వనజాక్షి తన అత్త గంగులమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చంకలో పాకే వయసు పిల్లాడు.

"ఈయమ్మకు చెవులు ఉండాయో లేదో తేల్చి చెప్పు నర్సమ్మా. పోయిన నెల పిల్లోన్ని ఈమె కాడ ఇడిసిపెట్టి పనికి పోయినాను. వాడు గుక్కపట్టి ఏడిసి నీలబడిపోయినాడు. ఈమె అటు తిరిగి బియ్యం ఏరుకుంటా ఉండింది. పక్కింటోళ్ళు పరిగెత్తొచ్చి ఎత్తుకున్నారు. నేనేమన్నా అంటే మాత్రం మాటకు మాట చెప్తాది. వాని ఏడుపే ఎట్లా ఇనబడలేదంట?"

"నాకే తెలీదు తల్లీ," అంది గంగులమ్మ. "ఇనబడింటే ఎత్తుకోనా? ఆ పొద్దు నుంచి వాన్ని నా ఒళ్ళో పెట్టదు."

మునిలక్ష్మి ఎదురుగా నిలబడి "ఏడు" అంది గుసగుసగా. "ఏడు" అంది గంగులమ్మ. "నలభై" అంటే "నలభై" అంది. ఒక్కటీ తప్పలేదు.

"భేషైన చెవులు!" అంది మునిలక్ష్మి, మంచి మాటే చెబుతున్నాననుకుని.

వనజాక్షి ముఖం గట్టిపడింది. "సూసినావా? చెవులు బాగుండాయి. మనసే లేదు," అని పిల్లాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గంగులమ్మ కుర్చీలోంచి లేవలేకపోయింది. చెవులు బాగున్నాయని చెబితే ఇంతగా కుంగిపోయిన మనిషిని మునిలక్ష్మి ఎన్నడూ చూడలేదు. ఆ పూట తనకూ అన్నం సయించలేదు.

మర్నాడు మునిలక్ష్మి పరీక్షకు ఇంకా రానివాళ్ళను పిలవడానికి షెడ్డుకు వెళ్ళింది. లోపల మగ్గాల మోతకు తన గొంతు తనకే వినబడలేదు. దగ్గరికి వెళ్ళి వనజాక్షిని భుజం తట్టి పిలిచింది. అప్పుడే షెడ్డు ఆ చివరున్న ఒకామె ఇటు చూసి పెదవులు కదిపింది. వనజాక్షి నవ్వి తనూ పెదవులు కదిపి, మునిలక్ష్మిని బయటికి తీసుకొచ్చింది.

"ఆయక్క నీకు టీ కావాల్నా అని అడగతా ఉండాది," అంది.

"అంత దూరం నించి నీకెట్లా ఇనబడింది?"

"ఇనబడేదేంది? నోరు సూస్తే తెలీదా? ఈడ అందరమూ అంతే."

మునిలక్ష్మికి గంగులమ్మ గుర్తొచ్చింది. "మీ అత్త ఎన్నేండ్లు చేసింది ఈ పని?"

"నేను పుట్టకముందు నించీ."

మునిలక్ష్మి అప్పటికప్పుడే బయల్దేరింది. మగ్గం ఎవరు చూస్తారని వనజాక్షి మొత్తుకుంటున్నా వినకుండా చేయి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది.

గంగులమ్మ అరుగు మీద కండెలకు నూలు చుడుతోంది. మునిలక్ష్మి ఆమె ఎదురుగా కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "మూడు" అంది. గుసగుసగా కాదు, మామూలు గొంతుతోనే. జవాబు లేదు. "ఎనిమిది" అంది ఇంకాస్త గట్టిగా. పక్క వాకిట్లో ముగ్గు వేస్తున్నావిడ తలెత్తి చూసింది. గంగులమ్మ మాత్రం అలాగే చూస్తోంది.

"నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే ఎట్లా ఇనబడుతుంది తల్లీ?" అంది చివరికి.

అత్త వెనక నిలబడి ఉన్న వనజాక్షికి ఏడుపు ముంచుకొచ్చింది. "అత్తా" అంది. గంగులమ్మ పలకలేదు. ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, మళ్ళీ "అత్తా" అంది.

"ఏందమ్మా, ఏమైంది?" అంది గంగులమ్మ కంగారుగా.

సంగతి విని నీల్స్ తల పట్టుకున్నాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత కుర్చీలన్నీ గోడకేసి తిప్పించి, అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టించాడు. కుర్చీలో ఎవరైనా మర్యాదకు వెనక్కి తిరిగితే మునిలక్ష్మి కసిరింది, ఆ విద్య ఆమెకు బాగానే వచ్చు. సగం మందికి పైగా తప్పారు. జట్టు తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుంది. చెవుల యంత్రం కూడా రేవు నుంచి బయటపడింది.

గంగులమ్మకు ఇచ్చిన వినికిడి పరికరం అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద డబ్బా. దాన్ని రవికకు తగిలించి, తీగ కొసనున్న బిళ్ళను నీల్స్ ఆమె చెవిలో అమర్చాడు. వనజాక్షి పిల్లాణ్ణి తెచ్చి అత్త ఒళ్ళో కూర్చోబెట్టింది. వాడు నీల్స్ ఎర్రగడ్డాన్ని అంత దగ్గర నుంచి చూసి హడలిపోయి, సత్రం ఎగిరిపోయేలా ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

గంగులమ్మ ఉలిక్కిపడింది. మనవడి గొంతు ఆమె వినడం అదే మొదలు. నీల్స్ గబగబా పక్కకు తప్పుకున్నాడు, మునిలక్ష్మి చిటికెలు వేసింది, వనజాక్షి ఎత్తుకోవడానికి చేతులు చాచింది.

గంగులమ్మ పిల్లాణ్ణి గుండెకు హత్తుకుంది. కళ్ళ నీళ్ళు బుగ్గల మీద కారిపోతున్నాయి.

"ఎవురూ వాన్ని ఊరడించొద్దండి," అంది. "ఇంకొంచేపు ఏడవనీండి."