అద్దం వెనక ఆరాధన

ఆ చర్చిలో చివరి వరుస వెనక ఒక అద్దాల గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన కుర్చీలు పడేసేవారు. పిల్లలు ఏడిస్తే పాస్టరుగారు చెప్పే వాక్యానికి ఆటంకమని సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, కుర్చీలు తీయించి, మందపాటి అద్దం బిగించి, దానికి ‘తల్లుల గది’ అని పేరు పెట్టారు. పిల్లలకు తండ్రులు కూడా ఉంటారన్న సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. లోపలివాళ్లకు వినబడాలని గోడకు ఒక స్పీకరు తగిలించారు. కొత్తలో పలికింది. ఆ తర్వాత నోరు మూసుకుంది.

కవలల అమ్మకు ఆ పేరు పిల్లలు పుట్టాక వచ్చింది. అంతకుముందు ఆమె ‘చదివే అమ్మాయి’. ఆదివారం వేదిక మీద నిలబడి లేఖనభాగం చదివేది ఆమే. ఆమె చదువుతుంటే ముందు వరుసలోని చెవిటి తాతగారు కూడా తల ఊపేవారని చెప్పుకునేవారు. నెలలు నిండేదాకా చదివింది. పురుడు పోసుకుని తిరిగొచ్చేసరికి ఆ చోట వేరే అమ్మాయి నిలబడి ఉంది. ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా అనలేదు.

ఇంట్లో ప్రార్థనకు ఆమె చేయని ప్రయత్నం లేదు. తెల్లవారకముందే లేచి, పిల్లిలా నడిచి, వంటగది మూల కూర్చుని పరిశుద్ధ గ్రంథం తెరిచేది. పుట తిప్పిన చప్పుడుకే పెద్దది లేచేది, దాని ఏడుపుకు చిన్నది లేచేది. పిల్లల్ని సంరక్షణ కేంద్రంలో దింపి పనికి వెళ్లేది. ఆమె పని కట్టుడు పళ్లకు మెరుగు పెట్టడం. తిరిగే చక్రం ముందు కూర్చుని పెదవులు కదుపుతూ ప్రార్థించేది. “ప్రభువా, నా మనసుకు నెమ్మదినివ్వు, నా పిల్లలకు...” అనేలోపు మేస్త్రీ వచ్చి, “ఆ కోరపన్ను ఎత్తుగా ఉందమ్మా, తగ్గించు” అనేవాడు. ఆమె ప్రార్థన ఆ కోరపన్ను దగ్గరే ఆగిపోయేది.

భర్త చెడ్డవాడు కాదు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఉదయం బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాక్యం వింటాడు. “ఆ అరగంటే నాకు ప్రాణం” అంటాడు. ఆ అరగంటలో ఇక్కడ ఇద్దరు పిల్లల ముక్కులూ మూతులూ ఎవరు తుడుస్తున్నారో అతనికి ఎప్పుడూ తట్టలేదు.

అందుకే ఆమెకు ఆదివారమొక్కటే మిగిలింది. ఆ ఆదివారమూ మూగ గదిలో గడిచేది. అద్దం అవతల పాస్టరుగారి నోరు తెరుచుకోవడం, మూసుకోవడం, నీళ్లతొట్టిలో చేపను చూసినట్టు చూస్తూ కూర్చునేది. సౌండు చూసుకునే పెద్దాయన వృత్తికి ఎలక్ట్రీషియన్. ఆయన్ని అడిగింది.

“అన్నయ్యా, ఆ స్పీకరు కాస్త చూడండి. ఒక్క ముక్క వినబడట్లేదు.”

“చూద్దామమ్మా, వచ్చే వారం.”

ఆ వచ్చే వారం నెలల తరబడి రాలేదు. పాస్టరమ్మగారికి చెప్పుకుంది. ఆవిడ ప్రేమగా చెంప నిమిరి, “పిల్లల్ని పెంచడమే ఇప్పుడు నీ ప్రార్థన తల్లీ” అంది. చెంప మీద ఆ చెయ్యి చల్లగానే ఉంది. మాట మాత్రం చల్లగా తగల్లేదు. కీబోర్డు వాయించడమే నీ ప్రార్థన, ఇక మోకరించనక్కర్లేదని ఆమె భర్తకు ఎవరూ చెప్పలేదు మరి.

ప్రభువు పేర రొట్టె పంచే బల్లారాధన ఆదివారం వచ్చింది. అవతల అందరూ తలలు వంచారు. రొట్టె పళ్లేలు వరుస వరుసకూ వెళ్లాయి. చివరి వరుస దాకా వచ్చి, వెనుదిరిగాయి.

“మనల్ని మర్చిపోయారక్కా” అంది పక్కనున్న టైలరమ్మాయి, చంటిబిడ్డకు పాలిస్తూ.

“కాస్త చిన్నదాన్ని చూడు” అని, పెద్దదాన్ని చంకనేసుకుని కవలల అమ్మ తలుపు తీసింది. ఆ నిశ్శబ్దంలో అడుగు పెట్టిందో లేదో పిల్ల గొంతెత్తింది. చర్చంతా వెనక్కి తిరిగింది. కీబోర్డు ఒక స్వరం తప్పింది. పళ్లెం పట్టుకున్న పెద్ద మరెవరో కాదు, ఎలక్ట్రీషియనే. ఆమె చెయ్యి చాచింది. ఆయన కళ్లతోనే వద్దన్నాడు. “తర్వాత, తర్వాత” అని గొణిగి, పళ్లెం మీద తెల్లగుడ్డ కప్పేశాడు.

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాంతోనే పిల్ల వీపు తడుతూ ఆమె వెనక్కి నడిచింది.

ఆరాధన ముగిశాక ఆయన గదిలోకి వచ్చి మిగిలిన ముక్కలు తల్లులకు తలొకటి ఇచ్చాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఆ రెప్పపాటులో పిల్ల రొట్టె లాక్కుని నోట్లో వేసుకుంది.

“అయ్యయ్యో! బాప్తిస్మం లేని పిల్ల తినేసిందే! కాస్త జాగ్రత్త ఉండక్కర్లా?” అన్నాడాయన.

పళ్లెంలో ఇక ముక్కలు లేవు.

ఇంటికొచ్చాక భర్త చొక్కా విప్పుతూ మొదలుపెట్టాడు. “అంతమందిలో అలా రావాలా? తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.”

“ఆకలేసింది, వచ్చాను.”

“నీ పరిస్థితి దేవుడు అర్థం చేసుకుంటాడే.”

“అందరిదీ అదే మాట. ఆయన అర్థం చేసుకుంటున్నాడు కదా, ఇక మీకెవరికీ ఆ పని లేదనా?” అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని అతనికి తర్వాత అనిపించింది. “వచ్చే ఆదివారం నేను రాను. ఇద్దర్నీ మీరే తీసుకెళ్లండి.”

“మరి కీబోర్డు?”

“గదిలో కూర్చుని వాయించండి. ఎవరికీ ఆటంకం ఉండదు.”

అన్నంత పనీ చేసింది. ఆదివారం ముగ్గుర్నీ పంపి తలుపేసుకుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎన్నాళ్లుగా కోరుకున్న నిశ్శబ్దం! మంచం పక్కన మోకరించింది. ఒక్క మాట రాలేదు. ఎండిన బావిలో చేద వేసినట్టయింది. మంచం అంచుమీద తల ఆనించింది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేచింది. దొరక్క దొరికిన ఆ పూటంతా మోకాళ్ల మీదే నిద్రపోయింది.

భర్త చొక్కా నిండా పాల మరకలు. ఒక చంకలో ఒకటి, ఇంకో చంకలో ఇంకొకటి.

“ఆ గదిలో ఏమీ వినబడదు, తెలుసా నీకు!” అన్నాడు, తనే ఏదో కనిపెట్టినట్టు. “ఇదేం పద్ధతి? ఆ సౌండు పెద్దాయన్ని పట్టుకుని గట్టిగా అడిగేశాను.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. చిన్నదాన్ని అందుకుంది.

ఆ వారంలోనే ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని ఎక్కాడు. తీగ ఒకటి ఊడి ఉందట. కాఫీ చల్లారేలోపు పని అయిపోయిందట.

తర్వాతి ఆదివారం ఆమె మళ్లీ అద్దం వెనక కూర్చుంది. భర్త కీబోర్డు దగ్గర ఉన్నాడు. స్పీకరు గలగలా పలికింది. మొట్టమొదట వినిపించింది పాస్టరుగారి ప్రకటన.

“మన కీబోర్డు తమ్ముడు పోయినవారం పిల్లలిద్దర్నీ తానే ఎత్తుకొచ్చాడు. మన తల్లుల కోసం భారంతో స్పీకరు బాగుచేయించాడు. ఇలాంటి తండ్రుల్ని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం!”

“ఆమెన్!” అంది సంఘమంతా. అవతల భర్త సిగ్గుపడుతూ తల దించుకున్నాడు.

“మీ ఆయన బంగారం అక్కా” అంది టైలరమ్మాయి.

“ఊఁ” అంది ఆమె.

వాక్యం మొదలైంది. ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది. ఓర్పు గురించి చెబుతున్నారు. పెద్దది ఆమె జుట్టు పట్టుకుని లాగుతోంది, చిన్నది ఒడి తడిపేసింది. ఆమె కళ్లు మూసుకుంది. చాన్నాళ్లకు లోపలినుంచి ప్రార్థన దానంతటదే వచ్చింది. వేడిగా, చేదుగా, ఒకే ఊపిరిలో వచ్చింది.

“ప్రభువా, వీళ్లని క్షమించమని మాత్రం ఇవాళ నన్నడగకు.”

ఆమెన్ అనలేదు. కళ్లు తెరిచి, చిన్నదాని గుడ్డ మార్చసాగింది.