పిన్ని కూర్చోలేదు

ఆఫీసు గదుల్లో ఫ్యాన్ల కింద కూర్చున్న పెద్దలారా, కార్డు తుడిచింది మా బావే. కానీ తప్పు మీది.

కెమెరా కొన్నారు. మూరెడు లెన్సున్నది కొన్నారు, చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టాలని. దానికో సంచీ కొని, సంచీ మీద సంస్థ పేరు కుట్టించారు. తీరా కార్డుల దగ్గరికి వచ్చేసరికి మీ చెయ్యి ముడుచుకుపోయింది. ఇచ్చినవి మూడంటే మూడు. అందులో ఒకదాని నిండా పోయినేడు ఆటల పోటీల్లో పెద్ద సారు చేసిన ప్రసంగం. దాన్ని చెరపడానికి వీల్లేదన్నారు. సరే, వేరేచోట దాస్తాం, ఒక హార్డ్ డిస్క్ ఇప్పించండి అంటే "చూద్దాం" అన్నారు. ఏడాదిగా చూస్తూనే ఉన్నారు. అంటే మాకు మిగిలినవి రెండు. రెండు కార్డులతో రోజంతా ఆటలు తియ్యమన్నారు.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే ఈ లాండ్రీలో నాది ఇస్త్రీ మిషను. ఆటల రోజు మాత్రం కెమెరా నా భుజానికి తగిలిస్తారు. నా పద్ధతి ఒకటుంది. ఖాళీ కార్డు డబ్బాలో లేబుల్ పైకి పెడతాను. నిండిన కార్డు బోర్లా పెడతాను. పక్కనుండే చిన్న మీటను కిందికి లాగి తాళం వేస్తాను. తాళం పడ్డ కార్డు మీద కెమెరా కొత్తగా తీయనూ లేదు, పాతది చెరపనూ లేదు. ఇంత సులువైనది ఎవరు చెడగొట్టగలరు అనుకున్నాను.

మా బావ చెడగొట్టగలడు.

బావ అంటే మా అక్క మొగుడు. స్టోర్ రూములో పని. వెన్నలాంటి మనిషి, కాకపోతే సర్దుడు పిచ్చి. సబ్బు డబ్బాల మీద పేర్లన్నీ ఒకే దిక్కు చూడాలి. చెప్పులు వరసలో ఉండాలి. "ఈయన సర్దాక వంటింట్లో ఉప్పు దొరకాలంటే పూట పడుతుంది" అని అక్క ఆయన్ని ఆ గడప తొక్కనివ్వదు.

ఇక ఆ రోజు సంగతి. చివరి ఆట తాడు లాగడం. ఒకవైపు మా ఉతుకు గది ఆడవాళ్ళు, ఇంకోవైపు లెక్కల గది మగవాళ్ళు. మా తాడు చివర మా పిన్ని. తడి దుప్పట్ల కుప్పలు మిషన్లోంచి లాగి లాగి గట్టిపడ్డ చేతులు ఆమెవి. నిలబడిందంటే గుంజ పాతినట్టే. లెక్కల వాళ్ళని మావాళ్ళు గీత దాకా ఈడ్చుకొచ్చేశారు. ఇంకొక్క గుంజు గుంజితే కప్పు మాది. అప్పుడు ఊదాడు విజిలు, రెఫరీగా ఉన్న సెక్యూరిటీ సూపర్‌వైజరు.

"కూర్చుంది! చివరావిడ నేల మీద కూర్చుంది! కూర్చుంటే ఓడినట్టే! కప్పు లెక్కల గదికి!"

విజిలు వినగానే అవతలివాళ్ళు తాడు వదిలేశారు. మావాళ్ళందరూ ధబేలున వెనక్కి పడ్డారు. పిన్ని బట్టల నిండా మట్టి.

"ఇదిగో మట్టి, ఇంకేం కావాలి?" అన్నాడు సూపర్‌వైజరు.

"మట్టి మీరు తాడు వదిలాక అంటిందయ్యా!" పిన్ని లేచి దులుపుకుంది. "నేను కూర్చుంటే ఈ మైదానానికి తెలీదా?"

లెక్కల గుమాస్తా ఊరుకోకుండా, "ఎవర్రా అక్కడ, అమ్మగారికి కుర్చీ తెండి" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. నన్ను పక్కకి లాగింది.

"కప్పు పోతే పోయిందే. కూర్చుందన్న మాట మాత్రం నా మీద ఉండకూడదు. రేపట్నుంచి వీడు నేను కనపడ్డప్పుడల్లా కుర్చీ వేస్తాడు."

సూపర్‌వైజరుని అడిగాను. "వీడియోలో చూపించు, మారుస్తా. పెద్ద సారు ప్రసంగం అయ్యేలోగా చూపించాలి. లేకపోతే నా మాటే మాట" అన్నాడు.

కార్డు తీశాను, మీట లాగాను, డబ్బాలో బోర్లా పెట్టాను. కంప్యూటరు ఉన్నది లెక్కల గదిలో. దాని తాళంచెవి లెక్కల గుమాస్తా దగ్గర. కెమెరా దగ్గర బావని కూర్చోబెట్టి తాళంచెవి కోసం వెళ్ళాను. ఆ మహానుభావుడు జేబులన్నీ తడుముకుని "ఎక్కడో పెట్టానే" అన్నాడు. వాదించి వాదించి ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

వచ్చి చూద్దును కదా, డబ్బాలో రెండు కార్డులు ముత్యాల్లా మెరుస్తున్నాయి. రెండూ లేబుల్ పైకి. మీటలు రెండూ పైకి.

"బావా, వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే మరదలా. మూడూ బోర్లా పడిపోయి ఉన్నాయి. ఆ పక్కన మీటలు కూడా కిందికి జారిపోయాయి. అన్నీ సరిచేశా. ఎలా ఉంది?"

"మూడోది ఏది?"

మూడోది కెమెరాలో ఉంది. పెద్ద సారు సహాయకుడు వచ్చి, ప్రసంగం తియ్యాలి త్వరగా కార్డు పెట్టండన్నాడట. బావ ఒకటి పెట్టాడట. చోటు లేదంది కెమెరా. "పాత చెత్త అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టు" అన్నాడట సహాయకుడు. బావ కొట్టాడు.

"కొట్టేశావా?"

"లేబుల్ పైకి ఉంటే ఖాళీ అని నువ్వేగా చెప్పావు!"

"పైకి తిప్పింది నువ్వేగా!"

అప్పటికే సహాయకుడి బొటనవేలు రికార్డు బటన్ మీదికి వెళ్తోంది.

"అది నొక్కావంటే ఈ కెమెరా నీ నెత్తిన పెడతా!" అని అరిచాను. వేలు వెనక్కి పోయింది.

కెమెరా ఆపాను. ఎర్ర దీపం ఆరేదాకా ఆగాను. దీపం వెలుగుతుండగా కార్డు లాగితే ఉన్నది కూడా పోతుంది, ఎంత కంగారున్నా ఆగాల్సిందే. ఆరాక కార్డు తీసి, మీట లాగి, మెడలో వేలాడే గుర్తింపు కార్డు తొడుగులో దూర్చాను. మిగతా రెండూ ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఒకదాంట్లో పొద్దుటి పరుగు పందేలు. ఒకదాంట్లో పెద్ద సారు. అంటే తుడిచింది పిన్నినే.

పిన్ని పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే? మొహం అలా పెట్టావేం?"

"చిన్నత్తయ్యా, నన్ను కొట్టండి" అన్నాడు బావ.

"కొడతాలే. ముందు అది చెప్పనీ."

"ఫార్మాట్ అంటే గదుల తలుపుల మీద పేర్లు చెరిపేయడం పిన్నీ. లోపలి మనుషులు ఇంకా లోపలే ఉంటారు. కొత్తవాళ్ళని లోపలికి తోస్తేనే పాతవాళ్ళు పోతారు. దీని మీద ఇంకేమీ తియ్యకపోతే నిన్ను బయటికి తేవచ్చు."

"అయితే ఎవణ్ణీ తొయ్యనివ్వకు" అంది పిన్ని.

పెద్ద సారు మైకు ముందుకి వచ్చేశారు. గొంతు సవరించుకున్నారు. "కెమెరా సిద్ధమేనా?"

"లేదు సార్. కార్డు లేదు."

"మూడు కొన్నామే?"

"ఒకదాంట్లో పరుగులున్నాయి, ఒకదాంట్లో పిన్ని ఉంది, ఒకదాంట్లో మీరున్నారు."

సహాయకుడు నా తొడుగు వైపు చెయ్యి చాపాడు. పిన్ని అడ్డం నిలబడింది. తాడు చివర నిలబడ్డట్టే నిలబడింది.

"సార్, మీ పోయినేటి ప్రసంగం భద్రంగా ఉంది. ఈ ఏడు మళ్ళీ తియ్యడం ఎందుకండీ? మాకు నోటికి వచ్చు" అంది. అని ఉతుకు గది వైపు చూసింది. అంతే, ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు: "మన సంస్థ ఒక పెద్ద కుటుంబం! ఈ కుటుంబంలో పెద్దా చిన్నా తేడా లేదు!"

పెద్ద సారు చేతిలో కాగితం చూసుకున్నారు. మొదటి వాక్యం అదే అయ్యుండాలి. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత, ఉన్నమాట చెప్పాలి, ఆయనే ముందు నవ్వారు.

"సరే, కుటుంబ సభ్యులారా. ముందు ఆ వీడియో సంగతి తేల్చండి. లెక్కల గది తాళంచెవి ఎవరి దగ్గర?"

తాళంచెవి గుమాస్తా చొక్కా జేబులోనే దొరికింది. ఎంత విచిత్రం!

మైదానంలో జనమంతా లెక్కల గదిలో ఇరుక్కున్నారు. కార్డు తాళం తియ్యకుండానే రీడర్లో పెట్టాను. చెరిగినవి వెతికే సాఫ్ట్‌వేర్ నడిపాను. దొరికినవి మళ్ళీ ఆ కార్డు మీదే దించకుండా కంప్యూటర్లోకి దించాను. మొదటిది తెరుచుకోలేదు. రెండోదాంట్లో గుమాస్తా బూట్లు మాత్రమే కనిపించాయి. బావ కళ్ళు మూసుకుని గోడకి అతుక్కుపోయాడు. మూడోదాంట్లో తాడు కనిపించింది. తాడు చివర పిన్ని.

"ఆపు. కొంచెం వెనక్కి. అక్కడ!" సూపర్‌వైజరు తెర మీదికి వంగాడు.

నోట్లో విజిలుతో ఆయనే ఒక పక్కన కనబడుతున్నాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. అదే క్షణం. పిన్ని మోకాళ్ళు వంగి ఉన్నాయి, నిజమే. కానీ ఆమెకీ నేలకీ మధ్య జానెడు వెలుతురుంది. ఆ వెలుతుర్లోంచి వెనకాల నీళ్ళ సీసాలు కనబడుతున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, మూతలన్నీ ఒకే ఎత్తులో, పేర్లన్నీ ఒకే దిక్కుకి, ఒక్కటి కూడా మరుగున పడకుండా.

"ఆ సీసాలు ఎవరు పెట్టారు?" అన్నాడు సూపర్‌వైజరు.

బావ కళ్ళు తెరిచాడు. "నేనే. చిందరవందరగా ఉంటే..."

పిన్ని బావ వీపు మీద ఒక్కటి చరిచింది. కొడతానన్న దెబ్బ అదే. బావ దగ్గుతూ నవ్వాడు. సూపర్‌వైజరు విజిలు మెళ్ళోంచి తీసి జేబులో వేసుకుని, "కూర్చోలేదు" అన్నాడు. గట్టిగా అనమంది పిన్ని. గట్టిగా అన్నాడు. గుమాస్తా కప్పు తెచ్చి ఇచ్చాడు. పిన్ని అందుకుంది, ఆ పైన ఆయన కుర్చీ లాక్కుని అందులో కూర్చుంది. "ఇప్పుడు కూర్చున్నాను. చూసుకోండి."

అంతా నవ్వేశారు, మీరూ నవ్వారు. నవ్వి ఊరుకుంటే కుదరదు. సహాయకుడి వేలు ఇంకాస్త ముందు పడుంటే పిన్ని జీవితాంతం కూర్చున్నట్టే లెక్క. కాబట్టి వినండి. ఇంకో నాలుగు కార్డులు కొనండి. ప్రతిదాని మీదా అంకె అంటిస్తాం, సర్దేవాళ్ళు సర్దినా తేడా రాకుండా. డిస్కులు రెండు కొనండి. ఒకటి ఇక్కడ, ఒకటి వేరే గదిలో ఉండాలి. కార్డు రెండుచోట్లా దించి, ఆడించి, కళ్ళతో చూశాకే ఖాళీ అయినట్టు. ఫార్మాట్ కొట్టే చెయ్యి తీసినవాళ్ళదే అయ్యుండాలి, అక్కడున్న పెద్దమనిషి ఎవరైనా సరే. కంప్యూటరు గది తాళంచెవి రెండోది మాకివ్వండి.

ఇవన్నీ రేపటికి. ఇవాళ చెయ్యాల్సింది ఒకటే: పెద్ద సారుని ఆ కార్డులోంచి దించండి. మాకు చోటు కావాలి.