విమలమ్మ కూచున్న చోటు

పొద్దున ఏడింటికి హిమాయత్‌నగర్ ఊరి నుంచి మొయినాబాద్ పోయే షేర్ ఆటోలో విమలమ్మ ఎక్కిందంటే చాలు, ఆమె దిగినంక ఆ సీటు ఎవరిదని ముందే మాట్లాడుకుంటరు. చలికాలం మరి. విమలమ్మ కూచున్న చోటు వెచ్చబడుతది. రెక్సిన్ సీటైనా, చర్చి బల్లైనా, బస్టాండు సిమెంటు దిమ్మైనా అంతే. ఆమె లేచిపోయినంక కూడ గంటసేపు ఆ వెచ్చదనం పోదు. మోకాళ్ళ నొప్పుల సారమ్మ ఆదివారం ప్రార్థనకు కావాలనే ఆలస్యంగ వచ్చి, "జర జరుగు విమలా" అని ఆ జాగలనే కూలబడుతది. ఇది ఎట్లయిందని ఎవరూ అడగలే. జపాన్ పోయొచ్చిన మనిషి, ఏదో ఒకటి వెంట రాకుండ ఉంటదా అనుకున్నరు.

పోయింది నిరుడు నవంబరుల. కూతురు జెన్నీ ఒసాకాల ముసలోళ్ళ ఆశ్రమంల నర్సు. పదిహేను రోజులు ఉండి పొమ్మని అమ్మను పిలిపించుకున్నది. విమానం దిగంగనే విమలమ్మ బాత్రూముకు పోయి, పోయినంత తొందరగ బయటికొచ్చి తలుపు పక్కన నిలబడ్డది. ఏమైందమ్మా అంటే, "ఎవరో ఇప్పుడే లేచి పోయిన్రు బిడ్డా, సీటు ఇంక వెచ్చగున్నది. జర చల్లారనీ" అన్నది. ఇంకో సీటు చూస్తే అదీ వెచ్చగనే ఉన్నది. జెన్నీ నవ్వాపుకోలేక, అది కరెంటు సీటు, కూచున్నోళ్ళకు చలి పెట్టకుండ వెచ్చగ ఉంచుతరని చెప్పింది. విమలమ్మ పోయి కూచున్నది. ఎవరొస్తరో తెల్వకుండనే, వచ్చినోళ్ళకు చలి కావద్దని ముందే ఆలోచించినోడు ఎవడో గని సల్లగుండాలె అని అక్కడనే ప్రార్థన చేసింది.

ఇగ అక్కడ నుంచి ఆమెకు అన్నీ సంబురాలే. పైసలేస్తే వీధి మూలకు నిలబడ్డ డబ్బా మిషన్ల నుంచి వేడి వేడి చాయ్ సీసా పడితే, తాగకుండ కొంగుల కట్టుకొని ఊరంత తిరిగింది. మూడు మూలల అన్నం ముద్ద కొరికితే లోపల పుల్లటి పండు ఊరగాయ తగిలింది, మన ఇంట్ల తిన్నట్టే అనిపించింది. దుకాణపామె వంగి దండం పెడితే ఈమె వంగింది, ఆమె ఇంకోసారి వంగింది, ఈమె ఊకుంటదా? జెన్నీ చెయ్యి పట్టి గుంజుకొచ్చేదాక ఇద్దరూ వంగుతనే ఉన్నరు.

ఈ ముచ్చట్లన్నీ ఎన్నిసార్లు చెప్పినా మళ్ళ చెప్పుమనేది పక్కింటి సత్తయ్య బిడ్డ సమత ఒక్కతే. డిగ్రీ అయినంక సమత గుడ్లు పొదిగే మిషన్ పెట్టింది, నాటుకోడి పిల్లల కోసం. ట్రంకు పెట్టెంత ఉంటది, ముందర అద్దం తలుపు. కరెంటు పోయి పోయి రెండుసార్లు గుడ్లన్నీ పాడైనయి. మూడోసారి కూడ గట్లనే అయితే మిషన్ అమ్మేస్త, నువ్వు గండిపేట షాపింగ్ మాల్ల కౌంటర్ పనికి పోవాలె అని సత్తయ్య ఖరాఖండిగ చెప్పిండు. పాత మిషన్లు కొని అమ్మే చేవెళ్ళ రాకేష్‌తోటి బేరం కూడ అయిపోయింది.

గుడ్లు పగలాల్సిన రోజే పొద్దుగాల్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. సాయంత్రం దాక రాదన్నడు లైన్‌మన్. ఇన్వర్టరేమో వారం కింద చెడిపోయింది. సమత దుప్పట్లు కప్పి థర్మామీటర్ చూసుకుంట కూచున్నది, అంకె దిగుతనే ఉన్నది. ఆటోకు పోతున్న విమలమ్మ చూసి సంచి పక్కకు పెట్టి, పైన చెక్క గట్టిదేనా అని అడిగి, మిషన్ మీద ఎక్కి కూచున్నది.

"ముప్పై ఏడున్నర ఉండాలె పెద్దమ్మా. ఎక్కువైతే గుడ్లు ఉడుకుతయి."

"ఎక్కువైతే చెప్పు. ఒక దిక్కు లేస్త."

పగలంత గట్లనే నడిచింది. సమత అంకె చెప్తె ఈమె ఎడమ దిక్కు లేచేది, తగ్గితే నిండుగ కూచునేది. అన్నం అక్కడనే తిన్నది. జపాన్ల రైలు ఒక్క నిమిషం ఆలస్యమైతే మైకుల మాఫీ అడిగిన ముచ్చట మూడుసార్లు చెప్పింది.

కరెంటు పోయిందని సత్తయ్య ఫోన్ చేస్తే నాలుగింటికి రాకేష్ ట్రాలీ ఆటో, తాళ్ళు వేసుకొని వచ్చిండు. సత్తయ్య మొహమాటంగ, "అక్కా, జర లే. ఆయన మిషన్ చూసుకుంటడంట" అన్నడు.

"నేను లేస్తే లోపలోళ్ళకు చలి పెడతది సత్తయ్యా."

సత్తయ్య ఇంకేదో అనబోయిండు గని, లోపల నుంచి కిచకిచ వినబడ్డది. ఒకటి, ఆ వెంట ఇంకోటి, ఆ తర్వాత లెక్క పెట్టలేనన్ని. సమత అద్దానికి ముక్కు ఆనించింది. తడి తడి పిల్లలు పెంకులు తోసుకొని ఒకదాని మీద ఒకటి పడుతున్నయి. సత్తయ్య మోకాళ్ళ మీద కూచొని చానసేపు చూసిండు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టిండు, మళ్ళ తీసిండు.

రాకేష్ తాళ్ళు విప్పి అట్లనే నిలబడ్డడు.

సత్తయ్య లేచి ధోతి దులుపుకొని ఆయన దగ్గరికి పోయి, గొంతు తగ్గించి అడిగిండు. "తమ్మీ, నీ దగ్గర గిసొంటి మిషన్ ఇంకోటి ఏమన్న ఉన్నదా? మాకు అమ్ముతవా?"