రాజారాం మాస్టర్ ముందు పళ్ళు

ఫిబ్రవరి మూడో ఆదివారం సాయంత్రం ఐదున్నరకు ఎడపల్లిలో, పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం తల విసిరింది. ఆ తల రాజారాం ఊదుతున్న క్లారినెట్‌కు తగిలింది. ఆయన పై వరసలో ముందు పళ్ళు రెండు పోయాయి.

గుర్రం బెదిరింది పటాకుల లడికి. లడి ముట్టించింది పెళ్ళికొడుకు మేనమామ. ఒక పన్ను రోడ్డు మీద దొరికింది. రెండోది సగానికి విరిగి చిగురులో ఉండిపోయింది. బరాత్ ఆగలేదు. బ్యాండ్ యజమాని తుకారాం ట్రంపెట్ వాళ్ళకు సైగ చేశాడు, వాళ్ళు పాట అందుకున్నారు. రాజారాం రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వచ్చి, మొదట క్లారినెట్‌ను తిప్పి చూసుకున్నాడు. దానికేమీ కాలేదు.

రాజారాంకు యాభై ఏడేళ్ళు. ఇల్లు నిజామాబాద్‌లో, వర్ని రోడ్డు పక్క గల్లీలో. తుకారాం బ్యాండ్ పెట్టిన నాటి నుంచి అందులో క్లారినెట్ ఆయనదే. క్లారినెట్ ఊదేవాడిని మాస్టర్ అంటారు. పాట ఎత్తుకునేది మాస్టర్, మిగతావాళ్ళు ఆయన వెంట పోతారు. క్లారినెట్ మౌత్‌పీస్ అడుగు వైపు కింది పెదవి మీద ఆనుతుంది, పై వైపు ముందు పళ్ళకు ఆనుతుంది. ఆ పళ్ళు లేకపోతే అది నోట్లో నిలవదు.

సోమవారం పొద్దున ఆయన, భార్య భీమవ్వ ఖలీల్‌వాడిలో పళ్ళ డాక్టర్ ఉదయలక్ష్మి దగ్గరికి వెళ్ళారు. డాక్టర్‌ది బోధన్ దగ్గర కాలువ కింద వ్యవసాయం చేసే కుటుంబం. తాత గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. ఇంట్లో ఇప్పటికీ మాట్లాడేది ఆ వైపు తెలుగే.

"నొప్పి ఎలా ఉందండీ?" అని అడిగింది.

"నొప్పి సంగతి ఇడిసిపెట్టమ్మా. మల్ల ఎప్పుడు ఊదుత?" అన్నాడు రాజారాం.

"ఏం ఊదుతారు?"

భీమవ్వ జవాబు చెప్పింది. "బీడీలు జేసేది నేను, ఊదేది గీయన. గని బీడీ గాదు బిడ్డా, క్లారినెట్."

డాక్టర్ విరిగిన ముక్క తీసేసి, చిగురుకు దూది పెట్టి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. మూడు దారులున్నాయని చెప్పింది. మొదటిది పెట్టుకుని తీసే పళ్ళు. అంగిలికి ఆనే ప్లేటుకు రెండు పళ్ళు అతికించి ఇస్తారు. వారంలో అయిపోతుంది. రాత్రి తీసి నీళ్ళలో వెయ్యాలి.

"వద్దమ్మా," అంది భీమవ్వ. "మా బాపుకు గట్లనే ఉండె. మాక్లూర్ అంగట్ల తుమ్మిండు. పండ్లు పోయి వంకాయల కుప్పల వడ్డయి. ఆయన ఏరుకొని కడుక్కొని పెట్టుకున్నడు గని, వంకాయలమ్మే ఆమె గా కుప్పంత నీకే అమ్మిన, తూకం వేస్కపో అన్నది. వారం దినాలు వంకాయనే తిన్నం."

డాక్టర్ నవ్వు ఆపుకుని రెండోది చెప్పింది. బ్రిడ్జి. పోయిన పళ్ళకు అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి క్యాపులు తొడుగుతారు. పోయిన రెండూ ఆ క్యాపుల మధ్య ఉంటాయి. నాలుగూ కలిసి ఒకటే ముక్క. కదలదు, తియ్యక్కర్లేదు. చిగురు మానాక మొదలుపెడితే ఏప్రిల్‌కు ఊదొచ్చు.

మూడోది ఇంప్లాంట్. ఎముకలో స్క్రూ బిగిస్తారు. అది ఎముకతో కలిసిపోయాక దాని మీద పన్ను కడతారు. పక్క పళ్ళ జోలికి పోనక్కర్లేదు. కానీ కలిసేదాకా దాని మీద ఒత్తిడి పడకూడదు.

"అంటే?"

"నాలుగు నెలలు ఊదకూడదండీ."

ఏప్రిల్, మే నెలల్లో పెళ్ళిళ్ళు. బ్యాండ్‌కు ఏడాది తిండి ఆ రెండు నెలలదే. డాక్టర్ మూడింటి ధరలూ చెప్పింది. పైసల ముచ్చట తర్వాత చూద్దామని భీమవ్వ అంది.

"రెండోది," అన్నాడు రాజారాం.

"మంచిగున్న పండ్లు గీకుడేంది?" అంది భీమవ్వ. "ఒక్క గోడ కూలితే పక్కింటి గోడ గూడ పడగొడ్తరా ఎవ్వరన్న?"

"నీకేం తెలుస్తదే ఊదుడు?"

"పొద్దుపొద్దున నువ్వు రియాజ్ జేస్తె ఇనేది ఎవరు? గల్లీల ఉన్నోళ్ళు తలుపులు వెట్టుకుంటరు. నేనేడికి పోవాలె?"

చిగురు మానేదాకా ఊరికే నోట్లో ఖాళీ కనిపించకుండా ఉండడానికి డాక్టర్ ఒక తాత్కాలికపు ప్లేటు ఇచ్చింది. దానితో ఊదొద్దని చెప్పింది. రాజారాం ఇంటికి వెళ్ళిన నాలుగో రోజే ఊదాడు. ఆ పూట తుకారాం పలకరింపుకు వచ్చి గడపలో కూర్చున్నాడు. కింది స్వరాలు వచ్చాయి. పైకి పోయేసరికి ప్లేటు లేచి టకటకలాడింది.

"మాస్టర్, మోగేది క్లారినెట్టా, పండ్లా?" అన్నాడు తుకారాం.

రాజారాం ప్లేటు తీసి, పక్కనే ఉన్న చాటలో పెట్టాడు. అది భీమవ్వ ఒళ్ళో ఉన్న చాట. అందులో కత్తిరించిన ఆకు, తంబాకు ఉన్నాయి.

"గండ్ల వెట్టకు! కట్టల్ల గలిసి కంపెనీకి పోతె సేటు నన్ను నిలవెట్టి అడుగుతడు, ఇదేం రకం బీడీ అని."

తుకారాం నవ్వాడు కానీ లేచి వెళ్ళలేదు. చాయ్ తాగడం అయ్యాక కూడా కూర్చున్నాడు.

"నాందేడోనికి ఫోన్ జేసినవా?" అని రాజారాం అడిగాడు. నాందేడ్‌లో ఒక క్లారినెట్ మాస్టర్ ఖాళీగా ఉన్నాడని బ్యాండ్ వాళ్ళందరికీ తెలుసు.

"ఎవడు జెప్పిండు?"

"నీ మొకం జెప్తున్నది."

"అడిగి పెట్టినన్నా, గంతే. ఒక్క పెండ్లికైతే రాడట. పిలిస్తె సీజనంత పిలవాలె అంటున్నడు."

"సీజనంత ఆయన ఊదితే, మల్ల నేనొస్తె నా జాగ ఉంటదా?"

తుకారాం ఖాళీ కప్పును కింద పెట్టి, మార్చి ఆఖరు దాకా ఆగుతానని చెప్పాడు.

మార్చి రెండో వారంలో పళ్ళు అరగదీయడానికి డాక్టర్ రమ్మంది. కొత్త పళ్ళు ఎక్కడ ఒత్తుకుంటాయో చూడాలి, క్లారినెట్ తెమ్మని కూడా చెప్పింది. రాజారాం కుర్చీలో పడుకున్నాడు. భీమవ్వ గోడ పక్క స్టూలు మీద కూర్చుంది. డాక్టర్ మౌత్‌పీస్‌ను దీపం కిందికి తీసుకుంది. పై వైపు నల్లటి రబ్బరులో రెండు గాట్లున్నాయి. ఏళ్ళ తరబడి పళ్ళు ఆనిన చోట అరిగిన గాట్లు. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం.

పోయిన పళ్ళు రెండూ ఒకే వెడల్పువి.

ఆమె మౌత్‌పీస్‌ను ఆయన నోట్లో పెట్టి, ఎప్పుడూ పట్టుకున్నట్టే పట్టుకొమ్మంది. పళ్ళకూ దానికీ మధ్య నీలం కాగితం పెట్టింది. తీసి చూస్తే వెడల్పు గాటు ఖాళీ చోటు కిందికి వచ్చింది. సన్నగాటు ఆనిన చోట నీలం అంటింది. అది కుడి పక్కనున్న పన్ను. ఊడిపోనిది. మరో రెండుసార్లు పెట్టి చూసింది. అదే పంటికి అంటింది.

"మీరు కొంచెం కుడి పక్కకి పెట్టి ఊదుతారాండీ?"

"లేదమ్మా. నడిమిట్లనే."

"నడిమిట్లనా?" అంది స్టూలు మీంచి భీమవ్వ. "మా అక్క పెండ్లిల మొదటిసారి సూసిన ఈయనను. గప్పుడే అనుకున్న, గీ పిలగాడేంది ఒంకర వట్టుకున్నడని. ఇగ అప్పటి సంది ఒంకరనే."

రాజారాం కుర్చీలోంచి తల తిప్పాడు. "మరి ఎన్నడు జెప్పకపోతివి?"

"మంచిగ ఊదేటోనికి ఏం జెప్పాలె?"

డాక్టర్ అద్దం ఆయన చేతికిచ్చి నీలం గుర్తు చూపించింది. "బ్రిడ్జి కోసం నేను అరగదీయాల్సిన పళ్ళలో ఇదొకటి. దీనికి క్యాప్ తొడిగితే మీ క్లారినెట్ ఆనే రెండు చోట్లా కొత్తవే ఉంటాయి. ఊదలేరని నేననను. ఇదివరకటిలా ఉంటుందని కూడా చెప్పలేను. నాకు తెలీదు."

"మూడో దాంట్ల?"

"దీన్ని ముట్టుకోను."

రాజారాం ఆ పంటి మీద నాలుక పెట్టి చూసుకున్నాడు. భీమవ్వ వైపు చూశాడు. ఆయన కుర్చీ దిగి, మెడకు కట్టిన గుడ్డతోనే వరండాలోకి వెళ్ళి తుకారాంకు ఫోన్ చేశాడు.

"నాందేడాయనను పిలువు," అన్నాడు. "సీజనంత."

తర్వాత లోపలికి వచ్చి పడుకున్నాడు. అదే వారం స్క్రూలు రెండూ బిగించారు.

నాందేడ్ మాస్టర్ ఏప్రిల్‌లో వచ్చాడు. బాగా ఊదాడు. డిచ్‌పల్లిలో, నందిపేట్‌లో, బోధన్‌లో పెళ్ళిళ్ళు చేశాడు. మొదటి నాలుగింటికి రాజారాం వెంట వెళ్ళి, ఏ ఊళ్ళో ఏ పాట అడుగుతారో చెప్పాడు. ఐదోదానికి అక్కర్లేకపోయింది. మే నెలాఖరుకు రెండు పెళ్ళి పార్టీలు శ్రావణంలో కూడా ఆయన్నే అడిగాయి. ఈ సంగతి తుకారాం చెప్పలేదు. డోలు కొట్టే భూమన్న చెప్పాడు.

ఆ నెలల్లో రాజారాం పొద్దున రియాజ్ మానలేదు. మౌత్‌పీస్ తీసేసి, క్లారినెట్ ఒళ్ళో నిలబెట్టుకుని వేళ్ళు ఆడించేవాడు. మీటల చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. భీమవ్వ ఎదురుగా బీడీలు చుట్టేది.

"రెండో చరణం ఇడిసిపెట్టినవ్," అంది ఒకరోజు.

"నీకెట్ల తెలిసింది?"

"టకటక తక్కువైంది."

ఆయన మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు.

జులై ఆఖరి వారంలో డాక్టర్ స్క్రూల మీద పళ్ళు కట్టింది. కుడివైపు దాని అంచును మౌత్‌పీస్ మీది వెడల్పు గాటుకు సరిపోయేలా మలిచింది. పది రోజులు మెత్తటివి తిని, తర్వాత ఊదమంది. రాజారాం ఈసారి పది రోజులూ ఆగాడు.

పదకొండో రోజు పొద్దున తుకారాం వచ్చి గడపలో కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. రాజారాం రీడ్ అనే రెల్లు రేకును తడిపి, మౌత్‌పీస్‌కు బిగించి, ఊదాడు. కింది నుంచి మొదలుపెట్టి పైదాకా వెళ్ళి, అక్కడ ఊపిరి ఉన్నంతసేపు నిలిపి, దిగాడు. భీమవ్వ చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు.

"మల్లొక్కసారి," అంది.

ఆయన మళ్ళీ ఊదాడు. ఈసారి స్వరాలు కాదు, పాట. రెండు చరణాలూ ఊదాడు. అయిపోయేసరికి ఆమె చేతిలో దారం చుట్టని బీడీ ఉంది. ఆకు విప్పుకుని తంబాకు చాటలో పడింది.

"బీడీ ఖరాబు జేసినవ్ పో," అంది. "ఇంక ఊదు."

తుకారాం ఫోన్ పట్టుకుని గల్లీలోకి వెళ్ళాడు. నాందేడ్ మాస్టర్‌కు ఫోన్ కలిపి, శ్రావణం పెళ్ళిళ్ళకు రానక్కర్లేదని మరాఠీలో చెప్పాడు.